గల్ఫ్‌లో క్లీనింగ్ పని - పోయేముందు నాలుగు మాటలు



మన రాయచోటి వైపు నుంచి కువైట్ పోయేవారిలో చదువు తక్కువైన వారికి మొదట దొరికేది చాలావరకు క్లీనింగ్ పనే. రోడ్లు ఊడవడం, ఆస్పత్రి వరండాలు తుడవడం, ఆఫీసుల్లో బాత్‌రూములు కడగడం. నేనూ అట్లాగే మొదలుపెట్టాను. చీపురు పట్టడానికి సిగ్గుపడలేదు. "ఆఫీస్ బాయ్ ఉద్యోగం" అన్న ఏజెంటు మాట నమ్మి, ఇల్లు తాకట్టు పెట్టినందుకే ఏడ్చాను. ఆ అప్పు తీరడానికి రెండేళ్ళు పట్టింది.

కనుక నా మనవి. పదో తరగతి పాస్ కానివారు అక్కడ పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి. విజిట్ వీసా మీద పంపుతానంటే ఒప్పుకోకండి; దానిమీద పని చేయడం అక్కడ నేరం. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూపించుకోండి. అతను 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించి తీసుకోరాదు. రసీదు అడగండి. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివారికి 10 లక్షలు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన కాగితం, కాంట్రాక్టు కాపీ ఇంట్లో ఇచ్చి మరీ బయలుదేరండి. ఆ కాంట్రాక్టులో పని పేరు, జీతం, డ్యూటీ గంటలు, వసతి ఏమని రాశారో ముందే తెలుసుకోండి.

చదవడం రాదని మొగమాటపడి సంతకం పెట్టవద్దు. కాగితం తీసుకొని మన సంఘానికి రండి. చదివి చెప్పడానికి మేమున్నాం.

సెలవు.