ప్రవేశ పరీక్షకు పుస్తకము నెన్నుకొనుట

డిగ్రీ ముగియుచున్న పిల్లలు గల యిండ్లలో ఎం.బి.ఏ. చదివించుటయా, మానుటయా యను నిర్ణయమునకు నెలలు పట్టును. ప్రవేశ పరీక్షకు ఏ పుస్తకము కొనవలెనను నిర్ణయమునకు మాత్రము దుకాణములో రెండు నిమిషములు చాలుచున్నవి. అట్టమీద అయిదువేల ప్రశ్నలని ఎఱ్ఱని అక్షరములలో నున్నచో తండ్రికి ధైర్యము. స్నేహితుడును అదియే కొన్నాడన్నచో పిల్లవానికి ధైర్యము. శ్రోతలలో నొకరు మాకు వ్రాసినారు: "మా యింట ఆరు గైడులున్నవి. ఏదియు నలుబది పుటలు దాటలేదు. ఏడవది ఏది కొనుమందురు?" ఈ ప్రశ్నకు మేము చెప్పగల సమాధానము, పుస్తకము కొనుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదనియే.

ఏ పరీక్షకు కూర్చుండనున్నారో మొదట నిశ్చయించుకొనవలెను. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటు అను సంస్థలు 1961లో కలకత్తాలోను, అహమ్మదాబాదులోను ఆరంభమైనవి. 2015లో విశాఖపట్టణమునకును అట్టి సంస్థ వచ్చినది. వీనిలో ప్రవేశమునకు జరుగునది క్యాట్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని విశ్వవిద్యాలయములలోను, కళాశాలలలోను ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. చదువులకు ఆయా రాష్ట్రములలో జరుగునది ఐసెట్. రెండింటిలోను గణితమున్నది, తర్కమున్నది, ఇంగ్లీషున్నది. అందుచేత రెండింటికిని ఒకే పుస్తకము చాలునని పలువురు తలంతురు.

కాని లెక్క చూడుడు. ఐసెట్‌లో 200 ప్రశ్నలకు 150 నిమిషములు. అనగా ప్రశ్నకు 45 సెకనులు. 2024 నాటి క్యాట్‌లో 68 ప్రశ్నలకు 120 నిమిషములు. అనగా ప్రశ్నకు సుమారు ఒకటి ముప్పాతిక నిమిషము. మొదటి దానిలో చేతివేగము ప్రధానము. రెండవ దానిలో ప్రశ్నను విప్పగల ఆలోచన ప్రధానము. ఐసెట్‌లో తప్పు జవాబునకు మార్కు పోదు. కనుక ఒక్క ప్రశ్నయు విడువరాదు. క్యాట్‌లో ఒప్పునకు మూడు మార్కులు వచ్చును. జవాబులిచ్చి ఎన్నుకొమ్మను ప్రశ్నలలో తప్పునకు ఒక మార్కు పోవును. నాలుగు జవాబులలో కన్నులు మూసికొని ఒకటి గుర్తించినచో, నాలుగు ప్రశ్నలకు సగటున ఒకటి ఒప్పై మూడు మార్కులు వచ్చును, మూడు తప్పై మూడు మార్కులు పోవును. మిగులునది సున్న. ఒక జవాబు నిశ్చయముగా తప్పని తెలిసి తక్కిన మూడింటిలో ఎన్నుకొన్నచో, మూడు ప్రశ్నలకు మూడు వచ్చి రెండు పోవును. ఒక మార్కు మిగులును. సందేహమున్నచో విడిచిపెట్టుమని గాని, అన్నియు గుర్తింపుమని గాని రెండు పరీక్షలకును ఒకే సలహా నిచ్చు పుస్తకము ఏదో యొక పరీక్షకు హాని చేయుచున్నదన్న మాట.

పరీక్ష నిశ్చయమైన పిదప చేయవలసినది, ఒక పాత ప్రశ్నపత్రమును సంపాదించుట. ఇవి జవాబులతో సహా లభించుచున్నవి. పరీక్ష నిర్వహించువారు నమూనా పరీక్షను తమ వెబ్‌సైటులో ఉచితముగా నుంచుచున్నారు. ఒక ఆదివారమునాడు పిల్లవానిని గడియారము నెదుట పెట్టుకొని, పూర్తి కాలము కూర్చుండి వ్రాయుమనుడు. ఆనాడు ఇంటిలో చుట్టములు, టెలివిజను, మా రేడియో సైతము నిశ్శబ్దముగా నుండుట మంచిది. వచ్చిన మార్కులను చూచి కలవరపడనక్కరలేదు, తప్పులను చూడవలెను.

ఆ తప్పులు మూడు విధములుగా నుండును. విషయమే తెలియక తప్పినవి కొన్ని. తెలిసియు కాలము చాలక విడిచినవి కొన్ని. ప్రశ్నను సరిగా చదువక తప్పినవి కొన్ని. వీనిని మూడు కుప్పలుగా పోయుడు. మొదటి కుప్ప పెద్దదైనచో గైడు కంటె పాఠశాల గణిత పుస్తకములు మేలు. శాతములు, నిష్పత్తులు, కాలము-దూరము, సమీకరణములు, త్రిభుజములు ఇవియన్నియు పదవ తరగతి లోపల చదివినవే. రెండవ కుప్ప పెద్దదైనచో కావలసినది నమూనా పత్రముల సంపుటము. పాఠములు గల లావుపాటి పుస్తకము కాదు. మూడవ కుప్ప పెద్దదైనచో క్రొత్త పుస్తకమేదియు సాయపడదు. వ్రాసిన పత్రములనే మరల తీసి, ఏ మాటను చదువక దాటితినో గీత గీసికొనుటయే మందు.

ఇప్పుడు దుకాణమునకు పోవచ్చును. చేతిలో ఆ పత్రమునుండి పిల్లవాడు చేయలేకపోయిన లెక్కలు అయిదారు ఉండవలెను. పుస్తకములో వానివంటి లెక్కలను వెదకి, వాని వివరణను చదువుడు. ఒక చిన్న ఉదాహరణము చూతము. వర్తకుడు సరుకు వెలను 20 శాతము పెంచి, ఆ పెంచిన వెలలో 20 శాతము తగ్గించి యమ్మెను, లాభమా, నష్టమా? ఒక పుస్తకము ఇట్లు చెప్పును: ఇరువదిని ఇరువదిచే హెచ్చించి నూటిచే భాగింపుము, 4 శాతము నష్టము. వేరొక పుస్తకము ఇట్లు చెప్పును: నూరు రూపాయలు నూట ఇరువదియైనది, తగ్గింపు నూరు మీద గాక నూట ఇరువది మీద కనుక 24 రూపాయలు పోయి 96 మిగిలినది. రెండింటి జవాబును ఒకటియే. కాని మరునాడు వెలను 30 శాతము పెంచి 10 శాతము తగ్గించినాడని యడిగినచో, మొదటి పుస్తకము చదివినవాడు క్రొత్త సూత్రమునకై వెదకును. రెండవది చదివినవాడు 130లో 13 పోగా 117 అని తానే చెప్పును. మనము ధనమిచ్చి కొనుచున్నది ఈ వివరణను. అట్టమీది ప్రశ్నల సంఖ్యను కాదు.

పిల్లవానికి బాగుగా వచ్చిన లెక్కలు పదింటిని కూడ పుస్తకములోని జవాబులతో పోల్చి చూడుడు. పదింటిలో రెండు అచ్చుతప్పులున్న పుస్తకము చదువువాని ఆత్మవిశ్వాసమును తినివేయును. తాను సరిగా చేసిన లెక్కను తప్పనుకొని గంటసేపు దానితో పెనుగులాడును.

ముద్రణ సంవత్సరము చూచుట మరువరాదు. క్యాట్‌కు 2019లో 180 నిమిషములు, 100 ప్రశ్నలు ఉండెను. 2020లో కాలము 120 నిమిషములకు తగ్గినది. ప్రశ్నలు 76 అయినవి. 2021లో 66, 2024లో 68. మూడు భాగములకును నలుబదేసి నిమిషములు. ఒక భాగమునుండి మరియొక దానికి ఇష్టము వచ్చినట్లు పోరాదు. బాగుగా వచ్చు భాగమును ముందు చేయుమని యెప్పుడో వ్రాసిన సలహా నేడు పనికిరాదు. అన్నయ్య చదివిన పుస్తకములోని గణితము తమ్మునికి చక్కగా పనికివచ్చును; కాలవిభజన మాత్రము పనికిరాదు.

ఇంగ్లీషు మాటకు వత్తము. ఐసెట్‌లో పదముల అర్థములు, వ్యాకరణము, వ్యాపారమునకు కంప్యూటరునకు సంబంధించిన పదములు అడుగుదురు. పదముల పట్టికలు గల పుస్తకము అచ్చట అక్కరకు వచ్చును. 2024 నాటి క్యాట్‌లో ఇంగ్లీషు భాగపు 24 ప్రశ్నలలో 16 కేవలము చదివి గ్రహించుటకు సంబంధించినవి. దానికి గైడు చేయగల సాయము కొంచెమే. ప్రతిదినము ఒక గంట మంచి ఇంగ్లీషు వ్యాసములు చదివి, ప్రతి వ్యాసము సారమును రెండు వాక్యములలో వ్రాసికొనుట నెలల మీద ఫలించును.

తెలుగు మాధ్యమములో చదివినవారికి ఒక మాట. ఐసెట్‌లో విశ్లేషణకును, గణితమునకును సంబంధించిన ప్రశ్నలు తెలుగులోను ఇత్తురు. కమ్యూనికేషనుకు సంబంధించినవి మాత్రమే ఇంగ్లీషున నుండును. నిష్పత్తి, సంభావ్యత, చక్రవడ్డీ యను మాటలతో నేర్చినవారు ఆ మాటలతోనే చదువుట సిగ్గుపడవలసినది కాదు. ఇంగ్లీషు పదమును ప్రక్కన ఇచ్చు తెలుగు పుస్తకము దొరికినచో అదియే వారికి తగినది.

ఇక ఎన్ని పుస్తకములు? బలహీనమైన విభాగమునకు ఒకటి, నమూనా పత్రముల సంపుటము ఒకటి. ఈ రెండును తుదిపుట వరకు పూర్తియగువరకు మూడవదాని జోలికి పోరాదు. ప్రతి పుస్తకమును మొదటి అధ్యాయము వరకే చదివినవాడు ఒకే అధ్యాయమును పలుమారులు చదివినవాడగును. తల్లిదండ్రులు పుస్తకముల ఖరీదు లెక్కించుటకు మారుగా, వారమునకొక పర్యాయము పిల్లవాని తప్పుల కుప్పలు ఎంత తగ్గినవో అడుగుడు. చదువు సాగుచున్నదో లేదో ఆ సమాధానములోనే తెలియును.