కొండసీమలో అతిథి గృహం

భిలాయి ఉక్కు నగరంలో మరోదా అనగానే స్థానికులకు స్ఫురించేవి రెండు. ఒకటి కర్మాగారానికి నీరందించే జలాశయం. రెండవది దుర్గ్ నుండి దల్లీ-రాజహరాకు వెళ్ళే రైలుమార్గం. 1959 ఫిబ్రవరి 4వ తేదీన తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన తరువాత దశాబ్దాల పాటు ఆ కొలుములకు ఆహారం పెట్టినవి రాజహరా కొండలే. అందుచేత మరోదాలో పెరిగిన పిల్లవానికి కొండ అంటే ఎర్రరాళ్ళు నింపుకొని వచ్చే వ్యాగన్ల వరుస. కొండే తన ఇంటి దాకా వస్తుంది. తాను కొండ దగ్గరకు అతిథిగా వెళ్ళడం వేరు సంగతి.

ఈ సభలో ఆసీనులైనవారిలో అనేకుల పెద్దలు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి పని వెదుక్కుంటూ వచ్చినవారే. సెలవులకు స్వగ్రామం వెళ్ళేటప్పుడు వారికి దారి రాయపూర్-విజయనగరం రైలుమార్గం. 1931లో పూర్తయిన ఆ మార్గం మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా మూడు భాషల నేలను కలుపుతున్నది. ఊరిలో బంధువులను చూచిన పిదప పిల్లల కోరికపై రెండు రోజులు అరకులోయకు వెళ్ళిరావడం పరిపాటి.

అరకు ప్రయాణంలో సగం ఆనందం రైలులోనే ఉన్నది. కొత్తవలస నుండి కిరండూల్ వరకు సాగే ఈ మార్గాన్ని బైలదిల్లా ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేసే నిమిత్తం 1960-70 దశకంలో నిర్మించారు. దారిలో 58 సొరంగాలు. శివలింగపురం దాటినది మొదలు బండి మెల్లగా, ఒగరుస్తూ ఎక్కుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు దాటి, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడను చేరేసరికి మైదానపు ఎండ మరపునకు వస్తుంది. భారత రైల్వేలకు పట్టాలు పోత పోసి సాగదీసి పంపే ఊరు భిలాయి గనుక, ఆ ఊరివారు ఈ దారిలో కిటికీ వెలుపలికే కాక క్రిందికి కూడా చూడవచ్చును.

బండి దిగగానే ఎదురయ్యే ప్రశ్న: బస ఎక్కడ?

పూర్వం ఈ ప్రశ్నకు జవాబు సామాన్యునికి అందుబాటులో లేదు. మైదానంలో సత్రాలుండేవి. అవి అన్నం పెట్టేవి, నీడనిచ్చేవి. కాని వాటిలో చాలా చోట్ల ముందుగా కులం అడిగేవారు. ఆంగ్లేయుల కాలంలో తపాలా దారుల వెంట డాక్ బంగళాలు వెలిశాయి. తెలుగువారు వాటిని ముసాఫరు బంగళాలన్నారు. పెంకుల కప్పు, చుట్టూ వసారా, పొడుగు చేతుల వాలుకుర్చీ, గోడకు వ్రేలాడే నిబంధనల పట్టిక, బల్లపై ఒక రిజిస్టరు. ఆ పట్టికలో ఒక మంచి సూత్రం కనిపించేది. ఒక రోజు గడిపిన వ్యక్తి, కొత్తగా వచ్చినవారికి చోటు లేకపోతే, తాను ఖాళీ చేయాలి. బస ఎవరి సొత్తూ కాదనడానికి ఇంతకంటె స్పష్టమైన నియమం దొరకదు. అయితే ఆ బంగళాలు కులానికి బదులు హోదాను అడిగేవి. విధినిర్వహణలో ఉన్న అధికారికే తొలి గది. స్వాతంత్ర్యానంతరం పర్యాటక శాఖలు అతిథి గృహాలు కట్టిన తరువాతనే గుమాస్తా, ఉపాధ్యాయుడు, కర్మాగార కార్మికుడు సకుటుంబంగా వెళ్ళి, సొమ్ము చెల్లించి, తలుపు గడియ వేసుకొని నిద్రపోగలిగారు. ఇది చిన్న మార్పు కాదు.

కాని సభవారు మరొక సంగతి గమనించాలి. ఆ గది ఎవరి నేలపై ఉన్నది?

అరకు, అనంతగిరి ప్రాంతాలు రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు క్రిందికి వచ్చే ఏజెన్సీ భూములు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో కఠినతరం చేసిన మీదట, గిరిజనేతరుడు అక్కడ భూమి కొనడానికి వీలు లేదు. అనంతగిరి మండలంలోని బొర్రా పరిసర గ్రామాలలో ప్రైవేటు సంస్థలకిచ్చిన గనుల కౌళ్ళపై సమత అనే సంస్థ న్యాయస్థానానికి వెళ్ళగా, 1997 జూలై 11న సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు కౌలుకివ్వరాదన్నది. గుహలను చూచి ముచ్చటపడి తిరిగివచ్చే యాత్రికులలో ఎందరికి ఈ తీర్పు తెలుసును? కొండలపై బినామీ పేర్లతో వసతిగృహాలు లేస్తున్నాయన్న ఆరోపణలు నేటికీ వినవస్తూనే ఉన్నాయి. చౌకగా దొరికిందని ఏ గదిలోనో దిగేముందు, ఈ ఇల్లు ఎవరిదని అడగడం యాత్రికుని హక్కు, మర్యాద కూడా.

ఈ ప్రశ్న మరోదావారికి మరింత దగ్గరిది. ఉక్కు కావాలంటే ఖనిజం కావాలి, ఖనిజం కొండలో ఉన్నది, కొండపై జనం ఉన్నారు. ఆ జనాన్ని వ్యాగన్లలో చూడలేము. వారపు సంతలో చూడవచ్చును: పసుపు, అల్లం, పిప్పళ్ళు, అడ్డాకులు తెచ్చిన స్త్రీలు, వారి నడుమ బేరమాడే వర్తకులు. ఖోండులు కువి మాట్లాడతారు. వాల్మీకులు, కోటియాలు, కొండదొరలు, బగతలు తమతమ ఇళ్ళలో ఆదివాసీ ఒడియానో తెలుగునో వాడతారు. ఛత్తీస్‌గఢీ వింటూ పెరిగిన భిలాయి పిల్లలకు ఆ ఒడియాలో కొన్ని మాటలు చెవికి తెలిసినట్టే తోచవచ్చును. పాఠ్యపుస్తకంలో సమైక్యత గురించి చదివిన పాఠం కంటె ఆ సంతలో అడిగి తెలుసుకున్న ఒక్క కూరగాయ పేరు ఎక్కువ కాలం గుర్తుంటుంది.

అతిథి గృహంలో నడవడి గురించి కూడా కొంత చెప్పవలసి ఉన్నది. కొండపై నీరు పైకెక్కించి తెచ్చినదని తెలిసినవారు గొట్టం తెరిచి వదిలిపెట్టరు. వాకిలి ఊడ్చే మనిషి సాధారణంగా ప్రక్క గూడెం నుండే వస్తుంది. ఆమెను పేరు పెట్టి పిలిచి, భోజనమయిందా అని అడిగే అతిథులు తక్కువే. రాత్రి మంటవేసి థింసా ఆడించడం నేడు వినోదంగా మారింది. భుజంపై భుజం చేర్చి వరుస కట్టే ఆ నృత్యం వారి పండుగలకు, పెళ్ళిళ్ళకు చెందినది. చూచినవారు సొమ్ము ఇవ్వడంలో తప్పు లేదు. నడుమ దూరి ఎగరడం మాత్రం శోభించదు.

చలికాలమైతే చీకటి పడగానే లోయను మంచు కప్పివేస్తుంది. కంబళి క్రింద పిల్లలు నిద్రకు సిద్ధమవుతుండగా దూరాన ఇనుప చక్రాల మోత వినిపిస్తుంది. బైలదిల్లా నుండి విశాఖకు దిగే ఖనిజపు బండి అది. పట్నాల నుండి వచ్చినవారు ఇదేమిటని లేచి కూర్చుంటారు. మరోదా పిల్లలకు చెప్పనక్కరలేదు. ప్రక్కకు ఒత్తిగిలి వ్యాగన్లు లెక్కపెట్టుకుంటూ నిద్రపోతారు.