22 ఏళ్లకే ఆపవద్దు: నర్సింగులో పై చదువు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నర్సింగ్ విద్యను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. చాలా ఏళ్లు వార్డుల్లో పనిచేసి, తర్వాత విద్యార్థినులకు పాఠాలు చెప్పినదాన్ని గనుక ఒప్పుకున్నాను. నేను చెప్పదలచినది ఒక్కటే. మన ఆడపిల్లలు నర్సింగులో చేరుతున్నారు, సంతోషమే. కాని నేను చూసినంతలో డిగ్రీ చేతికి రాగానే చదువు ముగిసిందనుకునే వాళ్లే ఎక్కువ. ఆ పైన ఇంకొక మెట్టు ఉన్నదని చాలా ఇళ్లలో తెలియనే తెలియదు.

నర్సు అంటే డాక్టరుగారు రాసిన సూది వేసే మనిషి అని మనలో చాలామంది అనుకుంటారు. ఈ అభిప్రాయం ప్రపంచంలో ఎప్పుడో మారింది. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి ఒక కొత్త శిక్షణ మొదలుపెట్టారు. డాక్టర్లు చాలని చోట పిల్లలను పరీక్షించి, మామూలు జబ్బులకు తానే వైద్యం చేసి, పెద్ద జబ్బయితే సకాలంలో పంపించగల నర్సును తయారు చేయాలని వారి ఉద్దేశం. ఆ నర్సుకే ‘నర్స్ ప్రాక్టీషనర్’ అని పేరు. అందులో ఒక శాఖ ‘ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్’. పసిబిడ్డ మొదలు ముసలివారి దాకా ఇంటిల్లిపాదినీ చూడగలిగే నర్సు అన్నమాట. అక్కడ ఆమె కావాలంటే నర్సింగ్ డిగ్రీ, లైసెన్సు ఉన్నాక ఆ పైన మాస్టర్సు గాని, డాక్టరేటు గాని చదవాలి. రోగుల దగ్గర వందల గంటలు పర్యవేక్షణలో పనిచేయాలి. చివర జాతీయస్థాయి పరీక్ష నెగ్గాలి.

మరి మన దేశంలో సంగతి ఏమిటి? ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ అనే పేరుతో, సొంతంగా మందులు రాసే హక్కుతో మన దగ్గర కోర్సు ఇంకా లేదు. ఎవరైనా ఏజెంటు ‘మా కాలేజీలో ఉన్నది’ అంటే నమ్మి డబ్బు కట్టకండి. అయితే ఆ దారిలో కొన్ని మెట్లు పడ్డాయి. 2016-17 ప్రాంతంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ తీవ్ర చికిత్సా విభాగాలకు నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును రెండేళ్ల రెసిడెన్సీగా తెచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం కాన్పుల కోసం మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణకు మార్గదర్శకాలు ఇచ్చింది. అదే సంవత్సరం ఆయుష్మాన్ భారత్ కింద ఊళ్లలోని ఆరోగ్య ఉపకేంద్రాల్లో నర్సింగ్ పట్టభద్రులను నియమించే పని ఆరంభమైంది. మన ఊళ్లలో ఎం.ఎల్.హెచ్.పి. అని పిలుస్తారే, వారే. ఫ్యామిలీ నర్సు పనికి మన దగ్గర అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఈ ఉద్యోగమే. బి.పి., షుగరు చూడటం, గర్భిణులను, బాలింతలను కనిపెట్టుకొని ఉండటం, జాబితాలో ఉన్న మందులు ఇవ్వటం, 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్ల లక్షణాలు ముందుగా పట్టటం ఆ పనిలో ఉన్నాయి. ఈ శిక్షణను బి.ఎస్సి. నర్సింగ్ కొత్త పాఠ్యక్రమంలోనే కలిపారు.

ఇదంతా మనకెందుకు అంటారేమో. వించిపేట గానివ్వండి, భవానీపురం గానివ్వండి, ఇటు మచిలీపట్నం, అటు కొండపల్లి గానివ్వండి, మన ఇళ్లలో ఆడవాళ్లు జబ్బు దాచుకునే తీరు మీకు నేను చెప్పాలా? రొమ్ములో గడ్డ తగిలితే ఆరు నెలలు ఎవరికీ చెప్పరు. తెల్లబట్ట అవుతుంటే సిగ్గు. షుగరుతో కాలి పుండు మానకపోతే పసుపు అద్దుకొని ఊరుకుంటారు. ‘లేడీ డాక్టరు ఉంటేనే వస్తాను’ అని పట్టుబట్టే పెద్దమ్మలను ఎందరినో చూశాను. వారి కోరిక తప్పు కాదు. కాని ఒక మాట అడుగుతాను, కోపగించుకోకండి. మన ఆడవాళ్లను చూడటానికి ఆడమనిషే కావాలంటాం. ఆ ఆడమనిషి మాత్రం ఎవరో ఒకరి కూతురై ఉండాలి, మన కూతురు కాకూడదంటే ఎలాగమ్మా?

‘నర్సింగు మన పద్ధతికి సరిపడదు’ అనేవారికి చరిత్రే జవాబు చెబుతుంది. మదీనాలో రుఫైదా అల్ అస్లమియా అనే సహాబియా ఉండేవారు. తండ్రి వద్ద వైద్యం నేర్చారని చెబుతారు. ఖందక్ యుద్ధంలో గాయపడిన సాద్ బిన్ మువాజ్ గారిని మసీదు ప్రాంగణంలో ఆమె గుడారంలోనే ఉంచారు. కూతురికి విద్య నేర్పిన తండ్రి, ఆ విద్యకు చోటిచ్చిన సమాజం ఆనాడే ఉన్నాయి.

ఇక అసలు చిక్కు దగ్గరికి వస్తాను. అది డబ్బు ఒక్కటే కాదు, వయస్సు లెక్క. ఇంటర్ ముగిసేసరికి అమ్మాయికి 18. బి.ఎస్సి. నర్సింగ్ నాలుగేళ్లు, అంటే 22. ఎం.ఎస్సి. నర్సింగులో చేరాలంటే డిగ్రీలో 55 శాతం మార్కులు, కౌన్సిల్ రిజిస్ట్రేషను, ఒక ఏడాది పని అనుభవం ఉండాలి. అంటే 23. ఆ చదువు రెండేళ్లు, 25. ఈ 22కీ 25కీ నడుమనే కదా మనం సంబంధాలు చూసేది! అక్కడే చదువు తెగిపోతుంది. అమ్మాయికి తెలివి చాలకపోవటం వల్ల కాదు, అడిగేవాళ్లు లేకపోవటం వల్ల. పెళ్లి చేయవద్దని నేను అనను. నిఖా మాటలు జరిగే రోజునే చదువు మాట కూడా పెద్దల ఎదుట తేల్చుకోండి. ‘కోడలు రెండేళ్లు చదువుతుంది, మేము పంపిస్తాం’ అని అత్తవారి చేత అనిపించండి. మెహరు మాట్లాడుకోవటానికి లేని మొహమాటం దీనికి ఎందుకు?

చదవటానికి దూరం పోనక్కరలేదు. 1986లో మన విజయవాడలోనే ఆరోగ్య విశ్వవిద్యాలయం వెలిసింది. నేడది డాక్టర్ ఎన్.టి.ఆర్. పేరుతో ఉన్నది. రాష్ట్రంలోని నర్సింగ్ కళాశాలలు దానికే అనుబంధం. ఎం.ఎస్సి.లో వైద్య-శస్త్రచికిత్స, ప్రసూతి, పిల్లల, మానసిక, సామాజిక ఆరోగ్య నర్సింగ్ అని ఐదు శాఖలున్నాయి. ఊళ్లో కుటుంబాల మధ్య పనిచేయదలచిన అమ్మాయి సామాజిక ఆరోగ్య శాఖను గాని, ప్రసూతి శాఖను గాని ఆలోచించవచ్చు. బి.సి.-ఇ కింద 2007 నుంచి ఉన్న 4 శాతం రిజర్వేషనుకు మన కుటుంబాల్లో అర్హత గలవారు ఎందరో ఉన్నారు. ఆ సర్టిఫికెట్టు కౌన్సెలింగ్ నాడు కాదు, ముందే తీసి ఉంచండి.

విదేశం పోదలచిన పిల్లలకు ఒక హెచ్చరిక. ఇక్కడి ఎం.ఎస్సి. చేతబట్టుకొని వెళ్లగానే అమెరికాలో ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ కారు. మొదట ఎన్‌క్లెక్స్ పరీక్ష నెగ్గి రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు పొందాలి, ఆ తర్వాత అక్కడి పై చదువు చదవాలి. సొంతంగా వైద్యం చేసే హక్కు కూడా రాష్ట్రానికి ఒక తీరుగా ఉంటుంది. ఇది తెలుసుకొని బయలుదేరితే అప్పుల పాలు కాకుండా ఉంటారు.

చివరగా మన సంఘానికి మూడు విన్నపాలు. పై చదువు చదివే నర్సింగ్ పట్టభద్రురాలికి ఫీజు కోసం వడ్డీ లేని అప్పు ఇవ్వండి. ఉద్యోగంలో చేరాక నెలనెలా తీర్చమనండి, ఆ సొమ్ముతో ఇంకొక అమ్మాయి చదువుతుంది. కౌన్సెలింగుకు తోడు లేని పిల్లల వెంట ఒక పెద్దామెను పంపండి. రాత్రి డ్యూటీ నుంచి వచ్చే అమ్మాయిని అనుమానంగా చూసే నోళ్లకు మసీదు పెద్దలే నచ్చజెప్పండి.

అమ్మలారా, ఈసారి మీ అమ్మాయి డిగ్రీ కాగితం ఇంటికి తెచ్చిన రోజున ‘ఇక చాలు’ అనకండి. ‘తర్వాత ఏమున్నది బేటీ?’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలు, మిగతా దారి పిల్లలు వెతుక్కుంటారు.