తాళం అక్కరలేని కంప్యూటర్ గది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడికి ఏదైనా ఇద్దామనుకున్నప్పుడు మనలో చాలామందికి ముందు తట్టేది కంప్యూటర్లు. ఇవ్వడం తేలికే. మూడో నెలలో ఒకటి తెరుచుకోదు. ఆరో నెలకు నాలుగింటికి వైరస్ పడుతుంది. బాగుచేసే మనిషి పట్నం నుంచి రావాలి. చివరికి "పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయి" అని గదికి తాళం పడుతుంది. ఇందులో మాస్టారిని తప్పు పట్టలేం. స్టాకు రిజిస్టరులో సంతకం ఆయనది. ఆ భయాన్ని తీర్చే పద్ధతి ఒకటుంది. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

కంప్యూటర్ మామూలుగా తన హార్డ్‌డిస్క్‌లో ఉన్న విండోస్‌నో లినక్స్‌నో చదువుకుని మొదలవుతుంది. అలాకాక, కేబుల్ ద్వారా మరో కంప్యూటర్ నుంచి చదువుకుని మొదలవడాన్ని నెట్‌వర్క్ బూటింగ్ అంటారు. దీనికి పి.ఎక్స్.ఇ. అనే ప్రమాణం ఉంది. ఇంటెల్ ప్రచురించిన దాని 2.1 వెర్షన్ 1999 నాటిది. కేబుల్ పెట్టుకునే డెస్క్‌టాప్‌లు దాదాపు అన్నింటిలో ఈ సదుపాయం కొన్ననాటినుంచే ఉంటుంది. మనం వాడుకోవడం లేదంతే.

బడి భాషలో చెబుతాను. కొత్తగా చేరిన పిల్లవాడు గేటు దగ్గర నిలబడి "నేనొచ్చాను, ఎక్కడ కూర్చోవాలి?" అని అడుగుతాడు. అటెండరు రోల్ నంబరు ఇచ్చి, ఫలానా గదికి వెళ్లమంటాడు. ఆ అటెండరు పని చేసేది డి.హెచ్.సి.పి. ఆ గదిలో మొదటి పాఠం అందించేది టి.ఎఫ్.టి.పి. ఆ చిన్న పాఠంతో యంత్రం మేల్కొని, మిగతాది తానే తెచ్చుకుంటుంది. అప్పటికి దాని డిస్క్ ఖాళీగా ఉన్నా, పాడైపోయి ఉన్నా ఇబ్బంది లేదు.

ఇక ఇమేజింగ్. ఒక కంప్యూటర్‌ను పూర్తిగా సిద్ధం చేస్తాం. తెలుగు కీబోర్డు, ఫాంట్లు, పాఠాలకు కావలసిన ప్రోగ్రాములు అన్నీ అందులో ఉంటాయి. దాని డిస్క్‌కు ఉన్నదున్నట్టు తీసిన నకలే ఇమేజ్. దీనికి క్లోనెజిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, తైవాన్‌లో తయారైంది. 500 జీబీ డిస్క్‌లో 30 జీబీయే వాడి ఉంటే, మామూలుగా ఆ 30 జీబీని మాత్రమే నకలు తీస్తుంది.

ఆ 30 జీబీని 30 యంత్రాలకు ఎక్కించాలి. సెకనుకు 100 మెగాబిట్ల పాత స్విచ్ మీద ఒక్కో దానికి లెక్క ప్రకారం 40 నిమిషాలు. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే 20 గంటలు. మల్టీకాస్ట్ పద్ధతిలో మాస్టారు డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కసారే చెబుతాం, 30 మందీ రాసుకుంటారు. మొత్తం పని దాదాపు ఆ 40 నిమిషాల్లోనే అయిపోతుంది. గిగాబిట్ స్విచ్ ఉంటే ఇంకా త్వరగా అవుతుంది. అయితే డిక్టేషన్‌లో లాగే, అందరికన్నా నెమ్మదిగా రాసేవాడి కోసం తరగతి ఆగాలి.

మొదలుపెట్టడానికి సర్వర్ కొనక్కర్లేదు. రెండు కంప్యూటర్లు, ఒక స్విచ్, కేబుళ్లు, క్లోనెజిల్లా ఎక్కించిన పెన్‌డ్రైవ్, ఇమేజ్ దాచడానికి ఒక బయటి హార్డ్‌డిస్క్ చాలు. ఒక యంత్రాన్ని ఆ పెన్‌డ్రైవ్‌తో తెరిచి 'లైట్ సర్వర్' ఎంచుకోవాలి. రెండోదాన్ని ఆన్ చేసి, బూట్ మెనూలో నెట్‌వర్క్‌ను ఎంచుకోవాలి. ఆ మెనూ మీట చాలా వాటిలో ఎఫ్12. మెనూలో నెట్‌వర్క్ కనబడకపోతే బయోస్ సెట్టింగుల్లో పి.ఎక్స్.ఇ.ని ఆన్ చేయాలి. రెండింటి మీద కుదిరాకే ముప్పైకి వెళ్లండి.

నాలుగు జాగ్రత్తలు. పని జరిగేటప్పుడు స్విచ్ నుంచి ఇంటర్నెట్ రౌటర్ కేబుల్ తీసేయండి. లేకపోతే ఇద్దరు అటెండర్లు చెరో గది చూపిస్తారు. రెండు, ఇమేజ్ తీసిన డిస్క్ కన్నా ఎక్కించే డిస్క్ చిన్నది కాకూడదు. మూడు, ఎక్కించగానే పాతదంతా చెరిగిపోతుంది. పిల్లలు చేసుకున్న పనిని ముందే వేరేచోట దాచాలి. నాలుగు, నకలుతోపాటు విండోస్ లైసెన్సు రాదు. ఏ యంత్రానికి ఆ యంత్రానికి ఉండాల్సిందే. బడికి లినక్స్ అయితే ఆ చిక్కే లేదు.

ఈ పద్ధతి విరిగిన మానిటర్‌నో, కాలిపోయిన పవర్ సప్లైనో బాగుచేయదు. కానీ గదికి తాళం వేయించేవి ఎక్కువగా సాఫ్ట్‌వేర్ తంటాలే, వాటికిది మందు.

సంఘానికి నా విన్నపం ఒకటే. ఈ ఏడాది కొత్త కంప్యూటర్లు కొనే ముందు ఒక మంచి స్విచ్, రెండు బయటి హార్డ్‌డిస్కులు కొందాం. ఒకటి కంప్యూటర్ గదిలో, రెండోది హెడ్మాస్టరు గారి బీరువాలో ఉంటాయి. చేయవలసిన వరుసను తెలుగులో ఒక కాగితం మీద రాసి గోడకు అతికిద్దాం. ఏటా జూన్‌లో బడి తెరిచే ముందు మనలో ఇద్దరం వచ్చి, మాస్టారి చేతే ఒకసారి చేయిద్దాం. మనం చేసిపెట్టి వెళ్లిపోతే మళ్లీ మన కోసమే ఎదురుచూడాలి.

భోజనాల తర్వాత కంప్యూటర్ గదిలో రెండు యంత్రాల మీద చేసి చూపిస్తాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలు కూడా రావాలి. ఒకదాన్ని మీ ఇష్టమొచ్చినట్టు పాడుచేయండి. దాన్ని మళ్లీ నిలబెట్టేది మీ మాస్టారే.

సెలవు.