శీర్షిక క్రింది పంక్తులు

2022 ఏప్రిల్ 4వ తేదీన ఏలూరు జిల్లా ఏర్పడినది. అంతవరకు కృష్ణాజిల్లాలో నున్న కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి మండలములు ఏలూరు క్రిందికి వచ్చినవి. తాడేపల్లిగూడెము మాత్రము భీమవరము ముఖ్యపట్టణముగా గల పశ్చిమ గోదావరిలోనే నిలిచినది. ఇట్టి మార్పు జరిగినప్పుడెల్ల పట్టికలు తిరిగి వ్రాయక తప్పదు.

శ్రోతలారా, అట్టి పట్టిక యొకటి కంప్యూటరులో నున్నదనుకొందము. ఒక పంక్తిలో మండలము పేరు. దాని క్రింద ఊళ్ల పేర్లు. పిదప ఒక ఖాళీ పంక్తి. మరల వేరొక మండలము. ఏ యూరు ఎక్కడిదో మన కన్ను చూచినంతనే గ్రహించును. యంత్రమున కట్లు కాదు. 'ఆటపాక' అను పంక్తిలో మండలము జాడయే లేదు. పైన ఎప్పుడో దాటివచ్చిన 'కైకలూరు' అను మాటను అది జ్ఞాపకముంచుకొనవలెను. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండి, ఆ నీటిని ఉప్పుటేరు వేగముగా దింపలేని దినములలో బియ్యము ఏ యూరికి ఎచ్చటినుండి పోవలెనో చూచుటకు ఇట్టి పట్టికయే ఆధారమైనచో, జ్ఞాపకము తప్పుట చిన్న విషయము కాదు.

1987లో లారీ వాల్ అను అమెరికా దేశస్థుడు వెలువరించిన పెర్ల్ భాష ఇట్టి పనికి పెట్టినది పేరు. అందు ఒక్కొక్క పంక్తిని చదువుచు, మండలము పేరు వచ్చినప్పుడు దానిని దాచుకొని, తరువాతి ఊళ్లను దాని పద్దున చేర్చుట ఒక మార్గము. క్రొత్త శీర్షిక కనబడినప్పుడే పాతగుంపును అప్పగించు పద్ధతి పెట్టుకొన్నచో ఒక చిక్కున్నది: చివరి మండలము తరువాత శీర్షిక రాదు. ఫైలు ముగిసిన పిమ్మట దానిని వేరుగా అప్పగింపకున్న, మండలము మొత్తము మాయమగును. యంత్రము మాత్రము నోరు మెదపదు.

రెండవ మార్గము పొట్టిది. డాలరు గుర్తు, వాలుగీత కలిసిన చలరాశి యొకటి కలదు; పెర్ల్ చదువుచు ఎచ్చట ఆగవలెనో అది చెప్పును. సాధారణముగా పంక్తి చివర ఆగును. దానిలో ఏమియు లేకుండ శూన్యము చేసినచో, ఖాళీ పంక్తి వరకు ఒక్క గుక్కలో చదువును. ఖాళీ పంక్తులు రెండున్నను నాలుగున్నను ఒక్కటే. వచ్చిన భాగమును పంక్తులుగా చీల్చి, మొదటిది మండలము, తక్కినవి ఊళ్లు అనుకొనుటయే.

అయితే ఖాళీగా కనబడు పంక్తిలో ఎవరి చేతనో ఒక జాగా పడియుండవచ్చును. పెర్ల్ దృష్టిలో అది ఖాళీది కాదు. అప్పుడు రెండు గుంపులు కలిసి, కలిదిండి మండలము కైకలూరులో ఒక ఊరైపోవును! కావున అనేకులు టైపు చేసిన పట్టికకు నేను మొదటి మార్గమునే మెచ్చుదును. జాగాలు మాత్రమే గల పంక్తిని కూడ ఖాళీదిగా నెంచుమని అందు ఒక్క నమూనాతో చెప్పవచ్చును.