గొంతు తీశాక మాట



బెంగళూరులో వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో మన తెలుగువాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. మా పేటలో ఆ పనిలోనే ఇరవై ఏళ్ళు గడిపిన ఒక అన్న ఉన్నాడు. తన పేరు చెప్పొద్దన్నాడు. ఈ సంగతులు మాత్రం చెప్పమన్నాడు.

మొదట గొంతు బొంగురుపోయింది. దుమ్ములో పని కదా అనుకున్నాడు, మేమూ అదే అన్నాం. మిరియాల కషాయం, ఉప్పునీళ్ళ పుక్కిలింతలతో ఆరు నెలలు పోయాయి. బీడీ మానలేదు. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే డాక్టరు గొంతు లోపలికి చూడాల్సిందే. క్యాన్సర్ తొలి దశలో దొరికితే చాలామందికి రేడియేషన్‌తోనే నయమై స్వరపేటిక మిగులుతుంది. మా అన్న వెళ్ళేసరికి ఆ దశ దాటిపోయింది. ఈ తప్పులో మాకూ వాటా ఉంది.

ఆపరేషన్లో స్వరపేటిక మొత్తం తీసేసి, ఊపిరి గొట్టం పైకొసను మెడ ముందు చర్మానికి కుడతారు. ఇక ఊపిరంతా ఆ రంధ్రంలోంచే. వాసన సరిగ్గా తెలియదు. స్నానం చేస్తే నీళ్ళు లోపలికి పోకుండా చూసుకోవాలి. గట్టిగా నవ్వినా, ఏడ్చినా శబ్దం రాదు. ఆయన ఏడుస్తున్నాడని వదినకు భుజాలు చూస్తేనే తెలిసేది.

ఆసుపత్రిలో చేతికి పలక, బలపం ఇచ్చారు. జెకర్యా మాట పడిపోయినప్పుడు పలక అడిగి రాశాడు. ఆయన యాజకుడు, చదువు వచ్చినవాడు. మా అన్నది వేలిముద్ర. ఆ పలక మీద మనవరాలు బొమ్మలు గీసుకుంది.

1873లో వియన్నాలో బిల్రోత్ క్యాన్సర్ కోసం స్వరపేటికను మొత్తం తీసినప్పుడు, ఆయన శిష్యుడు గుస్సెన్‌బావర్ ఆ రోగికి మాట్లాడే పరికరం కూడా తయారుచేశాడు. అంటే మాట తిరిగి ఇవ్వడం కూడా వైద్యంలో భాగమేనని అప్పుడే తెలుసు. ఇప్పుడు దారులు మూడున్నాయి. మెడకు ఆనించి పట్టుకునే యంత్రం ఒకటి. మాట వస్తుంది కానీ తుమ్మెద రొదలా ఉంటుంది. రెండోది వాల్వు. ఊపిరి గొట్టానికీ అన్నవాహికకూ మధ్య చిన్న దారి చేసి దాన్ని పెడతారు. బొటనవేలితో మెడ రంధ్రం మూస్తే గాలి అన్నవాహికలోకి వెళ్ళి, అక్కడి గోడలు అదిరి మాట పుడుతుంది. విదేశీ వాల్వు వేలల్లో ఉంటుంది, పైగా కొన్ని నెలలకోసారి మార్చాలి. మన బెంగళూరులోనే డాక్టర్ విశాల్ రావు, స్నేహితుడు శశాంక్ మహేశ్‌తో కలిసి ‘ఓం’ అనే వాల్వును సుమారు 50 రూపాయల్లో తయారుచేశారు. ఆ ధర విన్నప్పుడు మేము రెండోసారి అడిగాం.

మా అన్న నేర్చుకున్నది మూడో దారి. గాలిని అన్నవాహికలోకి దింపి, తేన్పులా పైకి తెచ్చి, దాన్ని నోటితో మాటగా మలచాలి. నెలలు పడుతుంది, అందరికీ రాదు కూడా. ప, త, క లాంటి అక్షరాలు గాలిని లోపలికి నెట్టడానికి సాయపడతాయట. నేర్పే అమ్మాయి ఇచ్చిన మాటల జాబితా కన్నడంలో ఉంది. మా అన్నకు వీధి కన్నడం బాగానే వచ్చు, కానీ ఇంట్లో ఎవరితో మాట్లాడాలి? వదిన కూర్చుని తెలుగులో వేరే జాబితా చెప్పింది: పాప, తాత, కాకి, పప్పు, తట్ట. అయిదో వారంలో భోజనం దగ్గర ‘పప్పు’ అన్నాడు. వదిన గిన్నెడు పప్పూ ఆయన కంచంలోనే వేసింది.

ఇప్పుడు మాట ఉంది, పని లేదు. “పిలిస్తే పలకలేనివాడు నాకెందుకు?” అన్నాడు కాంట్రాక్టరు. చీపురు పట్టడం ఆయనకు ఎలాగూ మంచిది కాదు. ముక్కు వడకట్టని దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం మాట వైకల్యానికి ఉదాహరణగా స్వరపేటిక తొలగింపునే పేర్కొంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ మనిషిని తీసేయకూడదు, అదే జీతంతో వేరే పని చూపించాలి అని 20వ సెక్షన్ చెబుతోంది. ఊడ్చింది నగరం వీధులే, జీతం మాత్రం కాంట్రాక్టరు చేతి మీదుగా వచ్చింది కాబట్టి ఆ సెక్షన్ తనకు వర్తించదంటారు. మనం అడగాల్సింది ఇక్కడే.

ముందు వైకల్య ధ్రువపత్రం కావాలి. వచ్చే సోమవారం ఆయనతో ఆసుపత్రికి వెళ్తున్నాం. తెలుగు, కన్నడ రెండూ వచ్చినవాళ్ళు ఇద్దరు మాతో రండి. ఒక్క మనవి. ఆయన మాట్లాడేటప్పుడు మధ్యలో ఆగుతాడు, గాలి తీసుకోవాలి కదా. ఆ ఖాళీలో మీరు మాట అందించకండి, ఆయనకు కోపం వస్తుంది.