పనికాడ గ్యాస్ – మన జాగ్రత్తలు



1999ల దీపం పథకం వచ్చినప్పుడు గ్యాస్ మన ఇండ్లల్ల పొగ బాధ తప్పించింది. ఇప్పుడు అదే గ్యాస్ మనకు బతుకుదెరువు అయింది. బడిల మధ్యాహ్న భోజనం వండేటోళ్లం, జమ్మికుంట పత్తి మార్కెట్ కాడ టిఫిన్లు అమ్మేటోళ్లం, పెండ్లిళ్లకు సకినాలు, గారెలు చేసిచ్చేటోళ్లం మనలోనే ఉన్నం. ఇంట్ల పొయ్యి ఒక్కరి చేతుల ఉంటది. పనికాడ నలుగురి చేతులు పడుతయి. నలుగురి పని అనుకున్నది ఎవరూ చూడని పని కావొద్దని మేము చెప్తున్నం.

మొదటిది సిలిండర్. ఇంటికి 14.2 కిలోలది, వ్యాపారానికి 19 కిలోలది. చౌక అని ఇంటి సిలిండర్‌ను వ్యాపారానికి వాడుడు చట్టం ఒప్పుకోదు. అందుకే అప్పుకు అంచనా రాసేటప్పుడే పెద్ద సిలిండర్, ఐఎస్ఐ గుర్తున్న పైపు, రెగ్యులేటర్ ఖర్చు కలిపి రాయాలె. పప్పు, నూనె లెక్క ఎంత ముఖ్యమో ఇది అంతే ముఖ్యం. పైపును ఐదేండ్లకు ఒకసారి మార్చాలె. పగుళ్లు కనబడితే అంతకుముందే మార్చాలె.

సిలిండర్ తీసుకునేటప్పుడు సీలు, బరువు, పైన పట్టీ మీది అక్షరం చూడాలె. ఏ, బి, సి, డి అంటే సంవత్సరంల మూడేసి నెలలు. ఏ-27 అని ఉంటే 2027 మార్చి దాకనే దాని గడువు. గడువు దాటింది తీసుకోవద్దు.

రెండోది పెట్టే చోటు. ఈ గ్యాస్ గాలికన్న బరువు. లీకైతే నేల మీద పారి గుంతల్ల, మోరీల నిలుస్తది. కిటికీ ఒక్కటే సరిపోదు, గోడకు కింద కూడా గాలి పోయే సందు ఉండాలె. సిలిండర్‌ను నిలబెట్టాలె, పండబెట్టొద్దు. పొయ్యి దానికన్న ఎత్తుల ఉండాలె. లైసెన్సు లేకుండా 100 కిలోలకు మించి నిల్వ పెట్టరాదు. అంటే 19 కిలోలవి ఐదే.

లీకు ఉందా అని చూడడానికి సబ్బు నురగ రాయాలె, అగ్గిపుల్ల గీయొద్దు. వాసన వస్తే పొయ్యి, రెగ్యులేటర్ బందు చేయాలె. తలుపులు తెరవాలె. లైటు, ఫ్యాను స్విచ్ వేయొద్దు, వేసి ఉన్నది తీయొద్దు. అందరం బయటికి వచ్చినంకనే ఫోన్ పట్టాలె. గ్యాస్ లీకుకు 1906, మంటకు 101.

చివరిగా ఒక మాట. వంట పని చేసే ప్రతి సంఘంల వారానికి ఒకరు రాత్రి రెగ్యులేటర్ బందు చేసి పుస్తకంల సంతకం పెట్టాలె. వారం మీటింగుల పొదుపు పుస్తకంతోపాటు ఆ పుస్తకం కూడా చూడాలె. పొదుపు లెక్కల మనం రూపాయి తేడా రానియ్యం. ఆ శ్రద్ధనే ఇక్కడ కూడా పెడితే మన పనీ నిలుస్తది, మన పాణాలూ నిలుస్తయి.

ఈ తీర్మానానికి అందరు ఒప్పుకోవాలని కోరుతున్నం.